ఇంజను కప్పు కింద ఊరి పేరు

నేను ఒక మనిషి సొంతూరిని పాత టూత్‌బ్రష్‌తో తోమి పారేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి చెప్పే ఓపిక నాకు లేదు. దాచిపెట్టుకోవడం వల్లే కదా ఇంతా జరిగింది.

మాది కృష్ణా జిల్లా. తెలుగంటే మాదే, మిగతా జిల్లాల వాళ్లు ఏదో కాలక్షేపానికి మాట్లాడుకుంటున్నారు అనుకునే జనం మేము. ఆస్ట్రేలియా వచ్చి, ఈ వెర్రిబీలో ఇల్లు కట్టుకుని పద్నాలుగేళ్లయింది. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు గ్యారేజీలో ఆవిరి ఇంజన్ల నమూనాలు. కారు ఎండకీ వానకీ బయటే ఉంటుంది, ఇంజన్లు మాత్రం లోపల అద్దాల బీరువాలో ఉంటాయి. వాటికున్న భోగం ఈ ఇంట్లో తనకి లేదని మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అబద్ధమేమీ కాదు.

పాత నమూనాలు ఎక్కడెక్కడివో తెచ్చుకుని, రంగు ఊడగొట్టి, మళ్లీ కొత్తగా వేయడం నా పని. రంగు వేయడం కంటే తీయడం కష్టం. బ్లేడుతో గోకితే రేకు మీద గీతలు పడతాయి. అందుకని రంగు కరిగించే మందు ఒకటి డబ్బాలో పోసి, ఇంజను మొత్తాన్ని అందులో ముంచి, మర్నాడు తీసి బ్రష్‌తో తోముతాను. పదేళ్లుగా ఇదే పద్ధతి. ఎవరైనా ఇంకో పద్ధతి చెబితే నాకు ముక్కు మీద కోపం వస్తుంది.

నా నోరు కూడా మంచిది కాదు. అది కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే మొదలైంది.

ఐదేళ్ల కిందట ఉగాదికి మావాళ్లంతా కలిసి కౌన్సిల్ హాలు అద్దెకు తీసుకున్నారు. తలా ఒక వంటకం తేవడం, పిల్లల డాన్సులు, పంచాంగ శ్రవణం, మైకు ముందు నేను. మైకంటే నాకు పూనకం. ఆ ఏడాది మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన్ని మా ఆవిడ పిలుచుకొచ్చింది. ఫిజీ మనిషి. వాళ్ల తాత చెరుకు తోటల్లో కూలికి సంతకం పెట్టి, ఓడెక్కి, విశాఖపట్నం వైపు నుంచి అక్కడికి పోయినవాడట. అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక ఈయన భార్యనీ చంటిపిల్లనీ తీసుకుని ఇక్కడికొచ్చి, వెర్రిబీ సౌత్ కాలీఫ్లవర్ తోటల్లో పాతికేళ్లు పనిచేశాడు. భార్య పోయింది. కూతురు నర్సు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. పెద్దవారు కదా, రెండు మాటలు చెప్పండని మైకు చేతికిచ్చాను.

ఆయన మైకు రెండు చేతులతో పట్టుకుని, "నమస్తే. మా ఆజా తెలుగోడు. నేను భీ తెలుగోడే. మీ అందర్కీ సూస్తే నాకు సాలా కుషీ," అన్నాడు. ఆజా అంటే వాళ్ల హిందీలో తాత. ఇంకేదో చెప్పబోతున్నాడు. నేను పక్కనుంచి రెండో మైకులో, "అంకుల్‌గారి తెలుగుకి కింద సబ్‌టైటిల్స్ వేయించాలి, వచ్చే ఏడాది బడ్జెట్‌లో పెడదాం," అన్నాను. హాలంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు. మైకు నాకిచ్చేసి వెళ్లి కూర్చున్నాడు. ఇంకా ఏం చెప్పబోయాడో నేను అడగలేదు.

ఆ తర్వాత వీధిలో కనబడినప్పుడల్లా పలకరించేవాడు, కానీ ఇంగ్లీషులోనే. నేను తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చేవాడు. నాకు ఏమీ తట్టలేదు. తట్టే రకం అయితే ఆ రోజు ఆ మాటే అనేవాణ్ణి కాదు.

కిందటేడు ఫిబ్రవరిలో, ఎండ నలభై దాటిన ఒక మధ్యాహ్నం, ఆయన మా గ్యారేజీ ముందుకొచ్చి నిలబడ్డాడు. చంకలో పాత బెడ్‌షీటు మూట. షర్టు వేలాడుతోంది, మనిషి సగమైపోయాడు. మూట విప్పి బల్ల మీద పెట్టాడు. రెండడుగుల పొడవున్న ఆవిరి ఇంజను, చెరుకు బళ్లను లాగే చిన్న రకం. కొన్నది కాదు, చేసింది. ఇత్తడి ముక్కలు, డబ్బా రేకు, గొట్టాలు కత్తిరించి, టంకం పెట్టి చేసిన పని. నట్టులు కూడా చేత్తో కోసినవి. చక్రాలు తిరిగితే పక్క కడ్డీలు కదులుతున్నాయి. దాని మీద నల్లరంగు ఎంత మందంగా ఉందంటే, రివెట్లన్నీ అందులో మునిగిపోయాయి. ఎవరు చేశారని అడిగాను. తన తండ్రి అన్నాడు. చక్కెర మిల్లు షెడ్డులో ఫిట్టరట, తర్వాత అదే మిల్లులో రైలు నడిపాడట.

మా నాన్న కూడా లోకో షెడ్డు ఫిట్టరే. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. అప్పుడు చెప్పాడు, పాంక్రియాస్‌లో గడ్డ అని, డాక్టర్లు చలికాలం దాకా అన్నారని. ఏదో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు. ఈలోగా ఇంజను కొత్తగా అవ్వాలి, అదొక్కటే కావాలి అన్నాడు. అన్ని పనులూ పక్కన పెట్టి చేస్తానన్నాను.

వెళ్లబోతూ ఆగి, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడాడు.

"రంగు మెల్లగా తియ్యి బాబూ. సేత్తో తియ్యి. లోపల భీ సూడు."

నిజం చెప్పాలంటే నాకు చిర్రెత్తింది. పదేళ్లుగా చేస్తున్న పని నాకు నేర్పుతున్నాడా అనిపించింది. సరే అంకుల్, నాకు వదిలేయండి అన్నాను. ఆయన నా ముఖం వైపు కాసేపు చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

నా పద్ధతి ప్రకారం అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాను. చక్రాలు విప్పాను. డ్రైవరు నిలబడే క్యాబిన్ కప్పు నాలుగు స్క్రూలతో వస్తుంది. విప్పి బోర్లించి చూశాను. లోపలా అదే నలుపు, తారులాగా. లోపల చూడమన్నాడు కదా, చూశాను, ఏమీ లేదు అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం బాడీ, కప్పు అన్నీ మందులో ముంచి మూత పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం చేతికి తొడుగులు వేసుకుని కూర్చున్నాను. బాడీ మీద నలుపు పాలమీద మీగడలా ముడతలు పడి లేచిపోయింది. కింద ఆకుపచ్చ, దాని కింద ఎర్ర ప్రైమరు. మంచి పనివాడి చేతి రంగులు. ఉత్సాహంగా తోముకుంటూ పోయాను. చివరికి కప్పు తీసుకున్నాను. లోపలి వైపు బ్రష్ ఆడించాను. నలుపు ఒక్కసారిగా జారింది. దాని కింద పసుపు గీతలు కనిపించాయి. నా చెయ్యి అలవాటు మీద ఆడుతూనే ఉంది. రెండు మూడు రుద్దుళ్లు. అవి గీతలు కావు, అక్షరాలు, తెలుగు అక్షరాలు అని బుర్రకి ఎక్కేసరికి ఎడమ నుంచి మూడొంతులు పసుపు నీళ్లయి నా తొడుగు మీద కారుతోంది.

చివర మూడక్షరాలు మిగిలాయి. వలస. అవి కూడా మందులో నానిపోయి ఉన్నాయేమో, నేను చూస్తుండగానే విడిపోయి జారిపోయాయి. కప్పుని నీళ్ల కింద పెట్టాను. అది ఇంకా పెద్ద తప్పు. మిగిలిందంతా సింకులోకి పోయింది.

అయ్యో అని ఎంత గట్టిగా అన్నానో, మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. చెయ్యి కోసుకున్నాననుకుంది. కప్పు చూపించి జరిగింది చెప్పాను. ఆమె ఆ ఖాళీ ఇత్తడి రేకు వైపు చూసి, ఏవండీ, ఆయన లోపల చూడమన్నారు కదా అంది. అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

దాచేద్దామా అనిపించింది. అనిపించలేదని చెబితే అబద్ధం. ఏమీ లేదు అంకుల్, లోపలంతా నలుపే అంటే సరిపోతుంది. సోమవారమంతా ఆఫీసులో అదే మాట నోట్లో నాన్చుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం మా ఆవిడ టీ కప్పు ముందు పెట్టి, "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది. ఇంజను కప్పుని జేబులో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను.

ఆయన వెనక పెరట్లో కుర్చీ వేసుకుని కరివేపాకు మొక్క పక్కన కూర్చున్నాడు. నిలబడే చెప్పేశాను. మందులో ముంచానని, లోపల తెలుగులో ఏదో రాసి ఉందని, నేను చూసేసరికి పోయిందని. ఆయన కప్పు అందుకుని బోర్లించి చూశాడు. బొటనవేలితో రేకంతా తడిమాడు. మొత్తం పోయిందా అని అడిగాడు. చివర వలస అని ఉంది, అదొక్కటే చదవగలిగాను అన్నాను. వలస, వలస అని రెండుసార్లు అనుకున్నాడు.

అప్పుడు చెప్పాడు. తన చిన్నప్పుడు తండ్రి ఈ ఇంజను చేసి, మిల్లు పెట్టెలకి నంబర్లు వేసే పసుపు రంగుతో, కప్పు లోపల వాళ్ల తాత పుట్టిన ఊరి పేరు రాశాడట. ఇది మన ఊరు, మరిచిపోకు అని పేరు పైకి చదివి వినిపించాడట. ఈయన ధ్యాసంతా చక్రాల మీద. కొన్నేళ్ల తర్వాత అసలు ఇంజన్‌లాగా ఉండాలని ఈయనే లోపలా బయటా నల్లరంగు పూసేశాడు. తండ్రి ఏమీ అనలేదు. తర్వాత ఆయన పోయాడు. అడగాలని తోచే వయసు వచ్చేసరికి ఆ పేరు తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఓడ కాగితాల కోసం రాస్తే, తాత పేరుతోనే వచ్చినవాళ్లు డజన్లకొద్దీ ఉన్నారని జవాబొచ్చింది. ఇక్కడ గుళ్లో పూజారి గోత్రం, ఊరు అడిగినప్పుడల్లా తెలీదని చెప్పి తల దించుకునేవాడట. చచ్చిపోయే ముందు ఆ పేరు ఒక్కసారి వినాలి, అంతే. తెలుగు చదవడం ఆయనకి రాదు. నాకు వచ్చు. నలుపు మెల్లగా చేత్తో తీస్తే అడుగున పసుపు బయటపడుతుందని, నేను దాన్ని చూసి నా అంతట నేనే పైకి చదువుతానని అనుకున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదా అంకుల్," అన్నాను. ఏడుపు ఆపుకుంటున్నాను, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

"నువ్ నవ్వుతావని," అన్నాడు.

ఎత్తిపొడిచినట్టు అనలేదు. మామూలుగా అన్నాడు. నేలలోకి కుంగిపోయినట్టయింది నాకు. ఆ హాలు, ఆ రెండో మైకు, ఆ నవ్వులు అన్నీ ఒక్కసారి చెవుల్లోకొచ్చాయి. ఆయనే నన్ను కూర్చోమని, నేను నలుపేసినాను, నువ్ తీసినావు, ఇద్దరం సమానం అన్నాడు. సమానం ఎలా అవుతుంది. ఆయనది ఆటలాడుకునే వయసు. నాది యాభై నాలుగు.

మర్నాడు నాకు చేతనైన పని మొదలుపెట్టాను. నేను లిస్టులు చేసేవాణ్ణి, ఉద్యోగమే అది. విజయనగరం, శ్రీకాకుళం, మన్యం వైపు ఊళ్ల పేర్లన్నీ దించుకుని, చివర వలస ఉన్నవి ఏరాను. ఒకటా రెండా, వందల కొద్దీ తేలాయి. ఆ ప్రాంతంలో ఊరంటే వలసే. మా కృష్ణా జిల్లా గొప్ప తెలుగువాడికి అంతకుముందు ఆ సంగతి కూడా తెలీదు. మండలాల వారీగా పేర్చి ఫోన్లో పెట్టుకున్నాను. పేరు మరిచిపోయినా చెవికి గుర్తుంటుందేమో, వింటే తగుల్తుందేమోనని నా ఆశ.

అప్పటినుంచి రెండు పనులు పక్కపక్కన నడిచాయి. ఇంజనుకు రంగు వేయడం, ఆయనకు ఊళ్లు చదవడం.

రంగు విషయంలో ఆయన చెప్పినట్టే చేశాను, ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ప్రైమరు పట్టించి, రివెట్లు పూడుకుపోకుండా ఎయిర్‌బ్రష్‌తో పలచగా నాలుగు పూతలు ఆకుపచ్చ వేశాను. మిల్లు ఆకుపచ్చ ఎలా ఉంటుందో చూపించడానికి ఆయన పెరట్లోంచి ఒక ఆకు కోసి ఇచ్చాడు. ముదురాకు కాదు, దాని వెనక వైపు అన్నాడు. అంచుల్లో ఎర్రగీత చేతి పెన్నుతో లాగాను. మూడుసార్లు తుడిచి మళ్లీ లాగాను. చక్రాలకి ఎర్రమట్టి కావాలన్నాడు, ఎండాకాలం ఎరుపు కాదు, వాన తర్వాత అంటుకున్న ముదురు ఎరుపు. పొగగొట్టం వెనక మసి ఎడమవైపు ఎక్కువ, ఎందుకంటే సముద్రపు గాలి కుడినుంచి కొడుతుంది. వాళ్ల నాన్న నడిపిన అసలు ఇంజనుకి ముందు దీపం కింద సొట్ట ఉండేదట, ఎద్దు బండిని గుద్దుకున్నప్పటిది. సుత్తితో మెల్లగా ఆ సొట్ట కూడా పెట్టాను. అన్నీ గుర్తున్నాయి ఆయనకి. ఎద్దు కొమ్ముల రంగు కూడా గుర్తుంది. ఊరి పేరొక్కటే లేదు.

మే నెలలో ఆయన్ని ఆసుపత్రిలో, ఇక ఇంటికి పంపని వార్డులో పెట్టారు. కూతురు డ్యూటీకీ తండ్రి మంచానికీ మధ్య తిరుగుతూ ఉండేది. నేను ఆఫీసు నుంచి మూడింటికే బయటపడి ఆరింటిదాకా అక్కడ కూర్చునేవాణ్ణి. ఆయనకి ఓపిక ఉన్న రోజున ముప్పై, నలభై ఊళ్లు. ఒక్కో పేరు చదివి ఆగాలి. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. మళ్లీ వినాలంటే కుడిచేతి చూపుడువేలు ఎత్తుతాడు. నోటితో చెప్పే శక్తి తగ్గుతోంది కనుక అది మా ఒప్పందం. వేలు లేస్తే ఆ పేరు రెండోసారి, మూడోసారి చదివేవాణ్ణి. ఆయన పెదాలు కదిపి, తల అడ్డంగా ఊపేవాడు. తర్వాతది.

కొత్తవలస, చింతలవలస, చీపురువలస. ఒక్కో పేరు నా నోటికి కూడా కొత్తే. ఎక్కడ ఊనాలో తెలిసేది కాదు. అప్పుడప్పుడూ ఆయనే నా పలుకు సరిచేసేవాడు, అలా అనరు, ఇలా అంటారు అని. ఆయన పలికితే ఆ ఊళ్లలో నిజంగా మనుషులు తిరుగుతున్నట్టుండేది. ఒకరోజు సెలైన్ మార్చడానికొచ్చిన నర్సు నేను చదువుతుంటే తలుపు దగ్గరే ఆగిపోయి, ప్రార్థనా అని మెల్లగా అడిగింది. అవునన్నాను.

జూన్ మూడో వారానికి లిస్టులో సగం పైగా అయిపోయింది. ఆయన మనిషి కూడా అయిపోతున్నాడు. ఇంజను మంచం పక్క బల్ల మీద పెట్టాం, కప్పు తప్ప అంతా పూర్తయింది. లోపల ఏం రాయాలో తెలిశాకే కప్పు బిగిస్తానని మొండికేశాను నేను. నాలో నాకే భయం పట్టుకుంది. లిస్టు ముందు అయిపోతుందా, ఆయన ముందు అయిపోతాడా. ఇంత నీచంగా లెక్క వేసుకుంటూ, గొంతు బొంగురుపోయినా నీళ్లు కూడా తాగకుండా గబగబా చదివేవాణ్ణి. ఆ మధ్యాహ్నం నాకు జలుబు కూడా. పది పేర్లు చదివాక దగ్గొచ్చింది, కళ్లనిండా నీళ్లొచ్చాయి, ఆగి మళ్లీ అందుకున్నాను.

"పనుకువలస," అన్నాను.

వేలు లేవలేదు. కళ్లు తెరిచాడు. నన్నే చూస్తున్నాడు.

"అదే," అన్నాడు.

నేను నమ్మలేక మళ్లీ చదివాను. అదే బాబూ, పనుకువలస, అదే అన్నాడు. నేను మంచం పట్టె పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాను. సంతోషం, నిజంగా సంతోషం. ఆయనకి ఊరు దొరికిందనా, నా మెడ మీదనుంచి బరువు దిగిందనా అంటే, రెండోదే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన చెయ్యి నా తల మీద వేసి, నీళ్లు తాగు అన్నాడు.

మర్నాడు సన్న కుంచె, పసుపు ఎనామెల్ చిన్న సీసా తీసుకెళ్లాను. వాసన వస్తుందని నర్సు కిటికీ తెరిచింది. చలిగాలి కొడుతోంది. కప్పుని బోర్లించి ఆయన ఒళ్లో, దిండు మీద పెట్టాను. దాని మీద ఒంగి రాశాను. మెల్లగా రాయి అన్నాడు. ఈసారి విన్నాను. ఒక్కో అక్షరం, ఒక్కో తలకట్టు, ఒక్కో కొమ్ము, ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో ఆయన కళ్లతో వెంటాడుతున్నాడు. ఆరక్షరాలకి పావుగంట పట్టింది. అయిపోగానే, ఆరకముందే, బొటనవేలు చివరక్షరం మీద పెట్టాడు. వేలిముద్ర పడింది. తుడవబోతే వద్దన్నాడు.

అది గురువారం. ఆదివారం ఉదయం పోయాడు. అంత్యక్రియల హాల్లో చివరిసారి చూసినప్పుడు కుడి బొటనవేలి గోరు అంచున పసుపు ఇంకా ఉంది.

నేను ఊరుకుంటానా. ఊరుకోవడం నా ఒంట్లో లేదు. పదిరోజులు తిరక్కుండానే పనుకువలస ఎక్కడుందో, దగ్గర స్టేషన్ ఏది, ఎవరిని కలవాలి అన్నీ కాగితాల మీద ప్రింటు తీశాను. ఆ వైపు తెలిసినవాళ్లకి ఫోన్లు చేశాను. అస్థికలు అక్కడి ఏట్లో కలిపేలా ఏర్పాటు చేస్తానని ఆయన కూతురికి మెసేజ్ పెట్టాను. ఆమె జవాబివ్వలేదు. శనివారం మధ్యాహ్నం తనే వచ్చింది, చేతిలో అదే బెడ్‌షీటు మూట. ఇంజను మీ దగ్గర ఉండాలని డాడ్ చెప్పాడంటూ బల్ల మీద పెట్టింది. అస్థికలు అప్పటికే సముద్రంలో కలిపేశారట, ఆయన కోరిక అదే. మా ఆవిడ టీ ఇచ్చింది. నేను కాగితాలు తెరిచి ఎప్పుడైనా వెళ్లొచ్చని దారి చూపించడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి కాసేపు విని, నా చేతిలో కాగితాల మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పిల్లకి తెలుగు రాదు, ఇంగ్లీషులోనే చెప్పింది.

"అంకుల్, ప్లీజ్, అక్కడికి ఎవరూ వెళ్లొద్దు. అది ఆ ఊరు కాదు. డాడ్ ఆ సాయంత్రమే నాకు చెప్పాడు."

నాకు మొదట అర్థం కాలేదు. అదే అన్నాడు కదా, రెండుసార్లు అన్నాడు కదా అన్నాను. ఆమె తల దించుకుని చెప్పుకొచ్చింది. ఆ పేరు ఆయన ఎన్నడూ వినలేదట. కానీ చదివి చదివి నా గొంతు పోతోందట, దగ్గుతున్నానట, నీళ్లు కూడా తాగడంలేదట. పాపం చాలు, ఇంటికి పోనీ అనుకున్నాడట. మరి నాచేత ఎందుకు రాయించాడని అడిగాను. తన తండ్రి కుంచె పట్టుకుని తెలుగు రాస్తుంటే చిన్నప్పుడు పక్కన నిలబడి కూడా చూడలేదు, ఎవరైనా అలా రాస్తుంటే ఒక్కసారి చూడాలనిపించింది అన్నాడట. ఏం రాస్తే ఏం అన్నాడట.

ఆమె వెళ్లాక కాగితాలన్నీ చించేశాను. సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. నేను ఒక మైకులో నలుగురినీ నవ్వించడానికి ఆ మనిషి నోరు నొక్కేశాను. ఆ మనిషి చావబోతూ, నేను నీళ్లు తాగాలని, తన ఊరిని వదులుకున్నాడు. దీన్ని ఏమనాలో నాకు తెలుగులో మాట దొరకడంలేదు, నా గొప్ప తెలుగులో.

ఇంజను ఇప్పుడు అద్దాల బీరువాలో పై అరలో ఉంది. చూసినవాళ్లు ఆకుపచ్చ రంగునీ, ఎర్రగీతనీ, మసినీ మెచ్చుకుంటారు. కప్పు విప్పి ఎవరికీ చూపించను. అక్కడ రాసింది తప్పు పేరని నాకు తెలుసు. చెరిపే మందు కింద అరలోనే ఉంది. చెరిపితే వేలిముద్ర కూడా పోతుంది, అందుకని ఉంచాను. మైకు వదిలేశాను. ఉగాదికి వెనక వరసలో కూర్చుంటాను. ఏమైంది మీకు అని అడుగుతారు, గొంతు బాలేదంటాను.

లిస్టు ఫోన్లో అలాగే ఉంది. పనుకువలస దగ్గర ఆగిపోయింది కదా, దాని కింద ఇంకా చాలా ఊళ్లున్నాయి. ఆయన తాత ఊరు ఆ మిగిలినవాటిలోనే ఎక్కడో ఉండుంటుంది, బహుశా ఆ తర్వాతి పేరే కావచ్చు. నిన్న ఆదివారం మధ్యాహ్నం గ్యారేజీ తలుపు దించి, ఇంజనుని బల్ల మీద పెట్టి, ఒక గ్లాసు నీళ్లు పక్కన పెట్టుకుని, మిగిలినవన్నీ పైకి చదివాను. ఒక్కో పేరుకీ ఆగాను. మెల్లగా, ఆయన దిద్దినట్టే పలుకుతూ, చివరి ఊరిదాకా చదివాను. వేలు ఎత్తడానికి ఎవరూ లేరు.